మా అమ్మ ఆర్పని కర్పూరం

నా చిన్నప్పుడు ఒక మనిషి చేతులు కుళ్ళిపోవాలని రోజూ ప్రార్థన చేసేదాన్ని. మోకాళ్ళ మీద నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ముందు కుడిచేయి కుళ్ళాలని వివరంగా అడిగేదాన్ని. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత కక్ష ఎక్కడిదని మీరు అడగొచ్చు. చెబుతాను, వినండి.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని వెళ్ళే దారిలో మా ఊరు. నాయన లేని ఇల్లు మాది, చర్చికి వెళ్ళే ఇల్లు. మా అమ్మ ఊళ్ళో భూస్వామి పెద్దింటాయన పొలాల్లో పత్తి తీసే కూలి. ఒకరోజు పెద్దింటాయన భార్య తలంటుకుంటూ గూట్లో పెట్టిన బంగారు కమ్మలు కనబడకుండా పోయాయి. ఆ పూట పత్తి మూటలు దించడానికి లోపలికి వెళ్ళినవాళ్ళు మా అమ్మ, ఇంకో ఇద్దరు కూలి ఆడవాళ్ళు. వాళ్ళు కాక ఇంట్లో తిరిగినవాడు పెద్దింటాయన మేనల్లుడు.

దొంగతనానికి మా ఊళ్ళో తీర్పు ఒకటే. తడిబట్టలతో ఆంజనేయస్వామి గుడి ముందు నిలబడి, పళ్ళెంలో వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను తీయలేదని చెప్పాలి. అబద్ధం చెప్పినవాడి చేయి కుళ్ళుతుందని నమ్మకం. కూలి ఆడవాళ్ళిద్దరూ ఏడుస్తూ ఆర్పారు. మేనల్లుడు చిటికెలో ఆర్పేసి, తడి తల దువ్వుకుంటూ పక్కకు వెళ్ళాడు. మా అమ్మ మాత్రం కదల్లేదు.

పెద్దల్లో ఒకాయన మంచివాడే. "గుడి వద్దంటే మీ పుస్తకం మీదనే ఒట్టు పెట్టమ్మా, అదీ సాలు" అన్నాడు.

"మాకు ఒట్టు పెట్టుకునేదే తప్పప్పా. దేని మీద పెట్టినా తప్పే. నేను తీయలేదని సెప్తాండాను గదా, నమ్మండి" అంది మా అమ్మ.

అంతే, దొంగ అయిపోయింది! తన దేవుడి మాట విన్నందుకు ఇంకొక దేవుడి ముందు దొంగ. మర్నాటి నుంచి ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్ళు. బడిలో నాకు దొంగదాని కూతురని పేరు పడింది. పెద్దింటాయన అంతటితో ఆగక పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు, కేసు ఆదోని కోర్టుకు వెళ్ళింది.

వాయిదాకు వెళ్తూ బస్సులో మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఈసారి అడిగితే ఒట్టు పెట్టేస్తామ్మా. ఈ బిడ్డ కోసం ఆ పాపం కట్టుకుంటా" అని మా అవ్వతో అంది. అవ్వ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

కోర్టులో ముందు పెద్దింటాయన సాక్ష్యం. ఖాకీ బట్టల బంట్రోతు తాత చెప్పించిన ప్రమాణాన్ని గోడలు అదిరేలా చెప్పాడు. ఆమె తీయడం ఎవరు చూశారని మేజిస్ట్రేటు అడిగితే, "కర్పూరం ఆర్పలేదు సామీ, ఇంకేం సాక్ష్యం కావాల?" అన్నాడు. అది సాక్ష్యం కాదు, చూసినవాళ్ళెవరో చెప్పమన్నాడు మేజిస్ట్రేటు. పెద్దింటాయన వెనక్కి తిరిగి తన వెంట వచ్చినవాళ్ళ వైపు చూశాడు. అబ్బ, ఆ ముఖం! తలుపు పక్కన నిలబడి కడుపునిండా చూశాను.

తర్వాత మా అమ్మను అడగాల్సిన వంతు వచ్చింది. ఒట్టు పెట్టడానికి ఆమె కుడిచేయి ఎత్తింది.

"దించమ్మా చెయ్యి. ముద్దాయికి ప్రమాణం లేదు. అడిగిందానికి సెప్పు, సాలు" అన్నాడు బంట్రోతు తాత.

నెత్తిమీది పత్తి మూట దించినట్టు దించింది మా అమ్మ ఆ చేతిని. తీయలేదని ఒక్క మాట చెప్పింది. కేసు కొట్టేశారు.

రెండేళ్ళకు ఆ కమ్మలు మేనల్లుడి పెట్టె అడుగున దొరికాయి. పెద్దింట్లో గుట్టుగా సర్దుకున్నారు, పనిమనిషి చెబితే మాకు తెలిసింది. మా అమ్మ దగ్గరికి వచ్చి తప్పయిందన్నవాడు ఒక్కడూ లేడు. అతని చేతులు కుళ్ళాలని నా ప్రార్థన మొదలైంది అప్పుడే. కర్పూరం ఆర్పిన ఆ చేయి మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. నేను దేవుడి మీద అలిగి ప్రార్థన మానేస్తే మా అవ్వ దగ్గరకు తీసుకుంది. "నీ పగ దేవునికి అప్పజెప్పొద్దు బిడ్డా. ఆయప్ప పని వేరే, కోర్టు పని వేరే" అంది. ఆ మాట పట్టుకునే చదివాను. ఆ కోర్టులోనే బంట్రోతు ఉద్యోగం సంపాదించాను.

ఇప్పుడు టీవీల్లో చట్టం మన ధర్మం ప్రకారం ఉండాలని వాదిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా పాస్టరుగారు చట్టం మన పుస్తకం ప్రకారం ఉంటే బాగుండునన్నప్పుడు ఆయనతోనూ పోట్లాడాను. నేను ఆదివారం చర్చి మానను. కానీ మా అమ్మను మళ్ళీ ఏ పళ్ళెం ముందూ నిలబెట్టనివ్వను.

నేను రిటైరయ్యే ఏడాది, ఒక పొలం గట్టు తగాదాలో ఆ మేనల్లుడు ముద్దాయిగా వచ్చాడు. జుట్టు నెరిసింది, వేలికి ఉంగరం ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరూ అడగకముందే కుడిచేయి ఎత్తి, "ఏ గుళ్ళో అంటే ఆ గుళ్ళో కర్పూరం ఆర్పుతా సామీ" అన్నాడు.

నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "దించప్పా చెయ్యి. ముద్దాయికి ప్రమాణం లేదు. అడిగిందానికి సెప్పు, సాలు."

ఒట్టు తప్ప అతను వెంట ఇంకేమీ తెచ్చుకోలేదు. ఆ చేయి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. క్షమించావా అంటే, లేదు. ఆ చేయి కుళ్ళాలని మాత్రం ఇప్పుడు అడగను. అది కిందికి దిగడం నా కళ్ళతో చూశాను.