వియ్యపురాళ్ల డబ్బా, నా సైకిలు

మనిషిని పొద్దున్నే పక్క మీంచి లేపేది ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. రాత్రి పడుకునేటప్పుడు నేను వేరు, అలారం మోగినప్పుడు నేను వేరు. రాత్రి మనిషి టైర్లలో గాలి చూసి, సీసాలో నీళ్లు నింపి, బూట్లు గడప దగ్గర పెట్టి మరీ పడుకుంటుంది. పొద్దుటి మనిషి ఆ ఏర్పాట్లన్నీ ఎవరో పరాయివాళ్లు చేసినట్టు చూసి మళ్లీ ముసుగు తన్నుతుంది. ఈ ఇద్దరికీ సంధి కుదిర్చే మార్గం వెతకడంలోనే నా సైకిలు శిక్షణలో సగం గడిచింది.

నలభై దాటాక షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. కరీంనగర్ బస్టాండు దగ్గర మా జిరాక్స్ షాపులో రోజంతా నిలబడి, సాయంత్రం మళ్లీ గ్రౌండు చుట్టూ గానుగెద్దులా తిరగమంటే నాకు ఒళ్లు మండింది. అందుకే గేర్ల సైకిలు కొన్నాను. కొన్న చీరలన్నీ బీరువాలో ఉన్నట్టే ఇదీ వరండాలో ఉంటుందని మా ఆయన జోస్యం చెప్పాడు. ఆ రోషంతో కొన్నాళ్లు తొక్కాను. రోషం మంచి పెట్రోలే గానీ మైలేజీ ఇవ్వదు.

మా ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లం కొందరం ఏటా వానలు వెనకబట్టాక ఆదిలాబాద్ దాకా వెళతాం. మొదటి రోజు నిర్మల్ చేరి అక్కడ పడుకుంటాం. రెండో రోజు మహబూబ్ ఘాట్ ఎక్కాలి. నేను వెళ్లిన మొదటి ఏడు ఘాట్ సగంలో నా కాళ్లు చేతులెత్తేశాయి. వెనకే వచ్చే వ్యాన్‌లోకి సైకిలునెక్కించి, నేనూ ఎక్కి, నీళ్ల క్యాన్ల మధ్య కూర్చున్నాను. తోటివాళ్లు నడుము వంచి తొక్కుతూ ఒక్కొక్కరే వెనకబడుతుంటే అద్దంలోంచి చూశాను. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. అయినా అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. వచ్చే ఏడు ఆ ఘాట్ మీద సైకిలు దిగకూడదు, నాకు కావలసింది అదొక్కటే. దానికి వారం వారం దూరం తొక్కాలి. తొక్కాలంటే లేవాలి. కథ మళ్లీ మొదటికి.

ఏం చేస్తే లేస్తానో చాలా రకాలుగా చూశాను. ఫోను హాల్లో పెట్టాను. లేచి వెళ్లి దాన్ని ఆపి అక్కడే దివాను మీద పడుకున్నాను. రేపు వస్తున్నానని వాట్సాప్‌లో అందరికీ చెప్పాను. అందరికీ చెప్పిన మాట ఎవరికీ చెప్పనట్టే. కొత్త బూట్లు కొని, ఇంట్లోనే వేసుకు తిరిగి చూసుకున్నాను.

అప్పుడు మా అవ్వ డబ్బా వచ్చింది. అవ్వంటే మా అమ్మ, పెద్దపల్లిలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఒక ఆదివారం ఎలాగో లేచి అక్కడిదాకా తొక్కాను. తిరిగి వస్తుంటే స్టీలు డబ్బా నిండా మక్కగారెలు పెట్టి నా వీపు సంచిలో వేసింది. షుగరున్నదాన్ని, నాకెందుకంటే, నీకు కాదు ఇంట్లోవాళ్లకంది. గారెలు ఆ సాయంత్రానికే అయిపోయాయి. డబ్బా కడిగి బోర్లించాను. వారం చివర మా అత్త కళ్లు దాని మీద పడ్డాయి.

"గీ డబ్బా ఎప్పుడు పంపుతవ్ బిడ్డా? ఉత్తగ పంపకు. నేనింత ఏమన్న చేస్త."

ఎవరింటి గిన్నె అయినా మా వైపు ఖాళీగా తిరిగి వెళ్లదు. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేసి పంపుతారు. కానీ ఇది ఇరుగుపొరుగు గిన్నె కాదు, వియ్యపురాలి గిన్నె. పైగా ఆ వియ్యపురాళ్లిద్దరికీ నా పెళ్లినాటి నుంచి మాటల్లేవు. పెళ్లిలో మావాళ్లు అత్తకు పెట్టిన పెట్టుడు చీర దగ్గర చెడింది. మా పుట్టిల్లు మరమగ్గాల మీద బతికిన ఇల్లు. మా బాపు తన మగ్గం మీద దగ్గరుండి నేసిన చీరను మించిన మర్యాద ఉండదనుకుంది అవ్వ. పట్టుచీర పెట్టాల్సిన చోట ఇంట్లో నేసిన నూలు చీర పెట్టి సరిపెట్టారనుకుంది అత్త. ఇద్దరూ ఆ సంగతి పైకి అనలేదు కాబట్టి అది తేలనూ లేదు.

అత్త గరిజెలు చేసింది, మూత పడనన్ని. అవ్వ డబ్బా తెరిచింది. ఒక గరిజె విరిచి, లోపలి నువ్వులూ బెల్లమూ పరీక్షించి, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ బాగానే ఉందంది. వెంటనే వచ్చే ఆదివారం తప్పకుండా రమ్మని నాకు హుకుం. అంతే, మొదలైంది. గరిజెలకు సకినాలు, సకినాలకు సర్వపిండి, సర్వపిండికి మలీద ముద్దలు. ఒకసారి పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, నూనె కారి నా వీపంతా ఎర్రబడితే, సుల్తానాబాద్‌లో ఎవరో నెత్తురనుకుని బండి ఆపారు.

నేను మాత్రం లేస్తున్నాను. అలారం కంటే ముందే వంటింట్లో మూకుడు చప్పుడుకు మెలకువ వచ్చేది. ముసలామె చీకట్లో లేచి వండుతుంటే నేను ముసుగు తన్నడం ఎలా? రానూపోనూ కలిపి డెబ్బై కిలోమీటర్లు దాటేది. పిక్కలు గట్టిపడ్డాయి. షుగరు దిగింది. ఊరించే సరుకంతా వీపున మోస్తూ ఒక్కటీ నోట్లో వేసుకోకపోవడం వల్ల కూడా కావచ్చు. మనిషిని లేపేది పరువేనని, అదీ ఎదుటివాళ్ల పరువని నేను తేల్చేశాను. జవాబు దొరికిందని సంతోషించాను కూడా.

వానాకాలంలో ఒక ఆదివారం జ్వరంతో పడుకున్నాను. డబ్బా వెళ్లలేదు. మధ్యాహ్నం అత్త ఫోను మోగింది. చేసింది అవ్వ. నేను ఫోను ఎత్తకపోయేసరికి దారిలో ఏమైందోనని భయపడి, తమ్ముడి దగ్గర నంబరు తీసుకుని నేరుగా వియ్యపురాలికే చేసింది. పక్క గదిలోంచి వింటూ పడుకున్నాను. ముందు నా జ్వరం గురించి, తర్వాత గరిజెల్లోకి బెల్లం ఎంతన్న దాని గురించి మాట్లాడుకున్నారు. చాలాసేపటికి అత్త గొంతు తగ్గింది.

"గా చీర కట్టుకోలే వదినా, నిజమే. కని ఎవ్వలకు ఇయ్యలే. పెట్టెల్నె ఉన్నది."

అవతల అవ్వ ఏమందో నాకు వినపడలేదు. అత్త ముక్కు చీదడం మాత్రం వినపడింది. జ్వరంలో నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రోజూ ఫోన్లే. ఉప్పూ నిప్పూగా ఉన్నవాళ్లు ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరు అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టారు. తమ్ముడు పని మీద కారులో కరీంనగర్ వస్తూనే ఉంటాడు కాబట్టి డబ్బా కారెక్కింది. ఎండకూ వానకూ ఆడపిల్ల మోయడమెందుకని ఇద్దరూ కలిసి తీర్మానించారు. ఇన్నేళ్లకు ఒక్కటై వాళ్లు చేసిన మొదటి పని నా సైకిలుకు సెలవివ్వడం.

నేను పడుకున్నాను. వరసగా ఆదివారాలు పడుకున్నాను. ఆదిలాబాద్ ప్రయాణం దగ్గరపడుతోంది. నాకు భయం పట్టుకుంది. నా ఓపికంతా ఇద్దరు ముసలమ్మల పంతం మీద నిలబడిందా? వాళ్లు కలిసిపోతే నా కాళ్లలో సత్తువ పోవాలా? మళ్లీ ఏదైనా పుల్ల పెడదామా అని కూడా అనుకున్నానంటే చూడండి.

ఒక పొద్దున అత్త వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఇన్నొద్దులు డబ్బా కోసం పోయినవా, నీ కోసం పోయినవా?"

"ఏమో అత్తా, నాకే తెల్వది."

"తెల్వకుంటె పోయి చూసి రా."

పొయ్యి మీద పాలు పొంగాయేమో చూసి రమ్మన్నంత మామూలుగా అంది. నవ్వొచ్చింది. లేచాను.

పెద్దపల్లి దారే పట్టాను. సంచి లేని వీపు వింతగా ఉంది. ఇన్నాళ్లూ గుంత వస్తే డబ్బా, మలుపు వస్తే డబ్బా అనుకుంటూ తొక్కానే తప్ప దారిని చూడలేదని అప్పుడు తెలిసింది. సుల్తానాబాద్ మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన అంత దూరం మన వెంట వస్తుందని నాకు తెలియదు. ఒకచోట కాలువ గట్టు మీద మట్టి దారి ఎడమకు పోతోంది. వారం వారం దాని పక్కనుంచే వెళ్లాను, ఎటు పోతుందో తెలియదు. సైకిలు అటు తిప్పాను. పోయి పోయి అది ఒక పత్తి చేను దగ్గర ఆగిపోయింది. కలుపు తీస్తున్న ఆమె దారి తప్పినవా అని అడిగింది. లేదు, ఎటు పోతుందో చూద్దామని వచ్చానన్నాను. ఆమెకు అది సబబైన కారణంగానే తోచినట్టుంది. తాగడానికి నీళ్లిచ్చి పంపింది.

ఆ తర్వాత చొప్పదండి వైపు వెళ్లాను, వేములవాడ వైపు వెళ్లాను, ధర్మపురి వైపు గోదావరి కనపడేదాకా వెళ్లాను. శనివారం రాత్రి ఒక ప్రశ్న పెట్టుకుని పడుకునేదాన్ని. ఆ గ్రానైటు క్వారీ వెనక ఏముంది? ఆ గుట్ట అవతల ఊరుందా? పొద్దుటి మనిషికి శిక్షణంటే గిట్టదు గానీ ఇలాంటి ప్రశ్నలంటే చెవి కోసుకుంటుందని కనిపెట్టాను. అయినా లేవని పొద్దులు కొన్ని ఉన్నాయి. మందు దొరికిందని చెప్పను.

ఘాట్ ఎక్కే రోజు చలిగా ఉంది. టేకు చెట్ల మధ్య ఎక్కుడు మొదలైంది. సగం దూరం వచ్చేసరికి ఊపిరి అందలేదు, పిక్కలు పట్టేశాయి. వ్యాన్ మెల్లగా పక్కకు వచ్చింది. ఆ ఏడు డ్రైవరు బోథ్ వైపు కుర్రాడు, నెమ్మదస్తుడు. ఎక్కుతరా మేడం అని అడిగాడు. ఎక్కుతానన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"జరాగు తమ్మీ. గా మలుపు అవుతల ఏమున్నదో చూసి చెప్త."

మలుపు అవతల కోతుల గుంపు ఉంది, ఇంకో మలుపు ఉంది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగడం మానేసి వెనకే వచ్చాడు. నడిచేవాళ్లు నన్ను దాటిపోయేంత నెమ్మదిగా పోతున్నాను. చెమట కళ్లలోకి దిగి మండుతోంది. ఒక మలుపులో కింద లోయంతా తెరుచుకుంది, ఇంకోదానిలో ఒట్టి గోడలాంటి కొండ. ఏది వస్తుందో ముందు తెలియకపోవడమే నన్ను లాగుతోంది. రోడ్డు ఎప్పుడు చదునైందో గమనించలేదు. తల వంచుకుని తొక్కుతూనే ఉన్నాను. వ్యాన్ మళ్లీ పక్కకు వచ్చింది, డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అయిపోయింది మేడం. ఇగ మలుపుల్లేవు."

పైకి చేరితే ఏడుస్తానని నాకు ముందే తెలుసు, ఏడ్చాను కూడా. కానీ ఏడుపు కంటే ముందు ఇంకొకటి వచ్చింది. అయ్యో, అప్పుడే అయిపోయిందా అనిపించింది.