తెల్ల అంచు తోక

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునే రోజుల్లో పంజాగుట్టలో ఒక మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇల్లుగలామె ఉండేది. ఒకప్పుడు వాళ్లకు బోరబండ అవతల పొలం ఉండేదట. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

ఎండలు ముదురుతుండగా డాబా మీది సన్నజాజి పందిట్లో పిగిలిపిట్టల జంట గూడు పెట్టింది. నెత్తిన నల్ల కుచ్చు, చెంప మీద ఎర్ర చుక్క. సింహాచలం కొండ కింద పెరిగినదాన్ని. ఆ కూత వింటే కళ్లు వాటంతటవే మూతలు పడేవి, ఏ ఊళ్లో ఉన్నానో తెలిసేది కాదు. జంటలో ఒకదాని తోక చివర మాత్రం తెల్లగా ఉంది. రెండోదానికి ఆ తెలుపు లేదు.

"ఆ తెల్ల తోకది మా వైపు పిట్టక్కా. మా దగ్గర అన్నీ అలాగే ఉంటాయి" అన్నాను.

అక్క చాలాసేపు చూసింది. "మా పొలంకాడ మస్తుండె బుల్‌బుల్ పిట్టలు. తెల్ల తోకది ఎన్నడు చూడలే. గా రెండోదే ఈడిది."

తీరం వైపు పిట్టకు తోక అంచు తెలుపని, దక్కను దానికి ఉండదని, తోటలు పెరిగేకొద్దీ రెండూ కొత్త చోట్లకు పాకి, కలిసిన చోట జతకడతాయని ఎన్నో ఏళ్లకు చదివాను. అప్పుడు మాత్రం మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని, రెండింటి కూతల్లో తేడా ఉందేమోనని వినేవాళ్లం. ఉన్నట్టే ఉండేది, అంతలోనే కరిగిపోయేది.

ఇంటర్వ్యూలన్నీ పోయి, ఊరెళ్లిపోదామని బ్యాగు సర్దుకున్న సాయంత్రం గాలివాన కొట్టింది. పందిరి ఊడి తీగ వేలాడింది. గూట్లో పిల్లలున్నాయి. నేను తీగను ఎత్తి పట్టుకుంటే అక్క పాత చీర చింపి ఆ పేలికతో తీగను ట్యాంకు పైపుకు కట్టింది. వాన వెలిసినా పెద్ద పిట్టల జాడ లేదు. తడిబట్టలతోనే తలుపు వెనక నిలబడ్డాం.

"వస్తాయంటావా అక్కా?"

"వస్తయ్. జర సప్పుడు చెయ్యకు."

ముందు మామూలు తోకది పురుగుతో వచ్చింది. కాసేపటికి తెల్ల తోకది. నాకు ఏడుపొచ్చింది.

"పిల్లలు ఎగిరేదాంక ఉండు. నీ ఊరు యాడికి పోతది" అంది అక్క.

ఉండిపోయాను. ఒక పొద్దున పిల్లలు పిట్టగోడ ఎక్కాయి. ఇద్దరం వాటి తోకలకేసే చూశాం. పొట్టిగా, ఇంకా మొలుస్తున్నట్టుగా ఉన్నాయి. తెలుపుందో లేదో చెప్పలేం. చూస్తుండగానే అవి ఎండలోకి తేలిపోయాయి.

కొన్నాళ్లకు నగరం అవతలి చివర ఉద్యోగం దొరికింది. ఆఫీసుకు దగ్గరగా గది చూసుకోమన్నారు అందరూ. నేను మారలేదు.