లాప్‌టాప్ నుదుటి మీద నా బొట్టు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దుగాల నేను చేసిన పనికి నా బిడ్డ నౌకరి పోవాల్సింది. ఇంకా చేరని నౌకరిని పోగొట్టుడు అందరికి చేతగాదు. నాకు ఒక్క వేలితోటి అయ్యేదుండె!

చెప్తె నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. మా గల్లి మొత్తం నవ్వుడు అయిపోయింది, ఇగ మీరే మిగిలిండ్రు.

మాది శాలిబండ. మా ఇంటాయన బేగంబజార్ల స్టీలు గిన్నెల దుకాణంల పని చేస్తడు. నేను ఇంట్లనే జాకెట్లు కుడ్త, చీరెలకు ఫాల్ వేస్త. ఐదో తరగతి కాడ నా సదువు ఆగింది. నలుగుట్ల మాట్లాడాలంటె నాకు నోరు పెగలది. కొలతలు తీసుకునేటప్పుడు గూడ టేపు దిక్కే చూస్త, మనిషి మొఖం చూడ. మా చెల్లె నా బిడ్డ ఫోన్ కు వీడియో కాల్ చేసి "అక్కా, జర మొఖం చూపియ్యరాదె!" అంటది. ఎన్నిసార్లు చేసినా దానికి నా చెవ్వే కనబడ్తది.

మా బిడ్డ స్రవంతి నాకు ఉల్టా. దాని డిగ్రీ అయిపోయింది. ఫోన్లు, కంప్యూటర్లు అంటే దానికి పానం. కొత్త ఫోన్ ఏది వచ్చినా బ్యాటరీ ఎంతసేపు ఆగుతది, కెమెరా ఎట్లుంది, వేడెక్కుతదా లేదా, అన్ని అరుసుకోని తెలుగుల రాసి నెట్ల పెడ్తది. గల్లిల ఎవ్వరు ఫోన్ కొనాలన్నా ముందుగాల మా మెట్లెక్కుతరు. "స్రవంతీ, మా అత్తమ్మకు పెద్దక్షరాలు కనబడే ఫోన్ చెప్పు." "స్రవంతక్కా, గేమ్ ఆడ్తుంటే ఆగిపోనిది చెప్పు." అది చేతుల చాయ్ చల్లారేదాక చెప్తనే ఉంటది. నాకు ఒక్క ముక్క సమజ్ గాదు. గని అది చెప్తుంటే మిషన్ ఆపి వినబుద్ధయితది.

మా ఇంటాయనకు మాత్రం గిట్టదు. "ఫోన్ కొన్నోడు వాడుకుంటడు. దాని మీద నువ్వు రాసుడేంది, ఇంకోడు సదువుడేంది?" అంటడు. ఆయన పని చేసే దుకాణంలనే సేటుతోటి మాట్లాడి పెట్టిండు. సోమవారం నుంచి స్రవంతి ఆడ కూసోని బిల్లులు కొట్టాలె. బిడ్డ మొఖం చిన్నగ చేసుకున్నది. సరిగ్గ గప్పుడే, ఫోన్లు కంప్యూటర్ల ముచ్చట్లు తెలుగుల రాసే ఒక వెబ్‌సైటోళ్ళు దీని రాతలు చూసిండ్రు. శుక్రవారం పొద్దుగాల వీడియోల ఇంటర్వ్యూ అన్నరు.

"సరే, గిది ఒక్కటి చూద్దాం" అన్నడు మా ఇంటాయన. "ఈ నౌకరి వస్తే నీ ఇష్టం. రాకపోతే సోమవారం నాతోటి బండెక్కాలె. మళ్ళ లొల్లి చెయ్యొద్దు."

"చెయ్య నాయినా" అన్నది.

ఇగ ఇంటర్వ్యూల ఏం చెయ్యాలెనంటె, అది రోజు వాడుకునే ఫోన్ చేతుల పట్టుకోని, అటు తిప్పి ఇటు తిప్పి చూపించుకుంట దాని మంచిచెడ్డ చెప్పాలె. చూపించేదే ఫోన్ గదా, అందుకని మాట్లాడేది లాప్‌టాప్ తోటి. మా ఇంటాయన ఫోన్ ఆయనతోటే దుకాణానికి పోతది. నా ఫోన్ ఉంది గని, అది నంబర్లు ఒత్తేది. దాంతోటి వీడియో ఏడికెళ్ళి వస్తది?

ఆ లాప్‌టాప్ పాతదే, ఎవరో వాడింది కొన్నది. అయినా పసిపిల్ల లెక్క చూసుకుంటది. ఇంట్ల ఎవ్వరు ముట్టొద్దు. "అందరికంటె నువ్వు ముట్టకు అమ్మా. నీ చేతికి ఎప్పుడు ఏదో ఒకటి అంటుకోనే ఉంటది" అని నాకు వేరేగ చెప్పింది.

మా ఇల్లు చిన్నది. వెలుతురు మంచిగ పడేది కిటికీ కాడ ఉన్న నా కుట్టుమిషన్ మీదనే. పొద్దుగాలనే స్రవంతి మిషన్ ను లోపలికి మడిచి, పైన పలకేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టి స్నానానికి పోయింది.

శుక్రవారం నేను మిషన్ కు పసుపు కుంకుమ పెట్టకుండ ఉండ. అన్నం పెట్టేది అదే గదా. నున్నటి ఇనుము మీద కుంకుమ నిలువదని, దీపం కుందిల నూనెల వేలు ముంచి, పసుపు కుంకుమ అద్ది పెడ్త. అట్ల పెడ్తె వారమంత చెదరది. ఆ రోజు గూడ పలక కిందికి చెయ్యి పోనిచ్చి మిషన్ కు పెట్టిన. లేచి చూస్తె పైన లాప్‌టాప్ బోసిగ కూసోనుంది. మిషన్ కు పెట్టి, మిషన్ మీద కూసున్నదాన్ని ఇడిసిపెట్టుడేంది? అది గూడ నా బిడ్డ బతుకంత దాని చేతుల ఉన్న రోజు!

మూత మీద పెడ్దామనుకున్న. మళ్ళ మనసొప్పలే. నిద్రపోయేటోళ్ళకు బొట్టు పెడ్తమా ఎక్కడన్న? మెల్లగ మూత తెరిచిన. మొఖం అంత నల్లగ అద్దం లెక్కుంది. మరి నుదురేది? పైన, నడుమ. చూస్తె ఆడ సన్నగ ఒక చుక్క ఉంది. చేసినోడు గూడ బొట్టుకు జాగ చూపెట్టిండే అనుకున్న! ముచ్చటేసింది. నూనె, పసుపు, కుంకుమ. గుండ్రంగ పెట్టిన. "తల్లీ, నా బిడ్డను జర మంచిగ చూపియ్యి" అని మొక్కిన.

బాత్రూం గొళ్ళెం చప్పుడైంది. చూస్తె తిడ్తదని కొంగుతోటి గబగబ తుడిచి, మూతేసి, వంటింట్లకు ఉరికిన. నల్ల అంచు మీద మరక కనబడలే. దేవుడు సల్లగుండనీ అనుకున్న.

స్రవంతి తయారై, అన్ని ఒకసారి చూసుకుందామని లాప్‌టాప్ తెరిచింది. జరసేపటికి ఒకటే కేక.

"అమ్మా! కెమెరా పోయింది!"

ఉరికొచ్చి చూసిన. స్క్రీన్ మీద బిడ్డ ఉండాలె. బిడ్డ లేదు. పసుపునీళ్ళల్ల మునిగిన ఏదో ఆకారం ఉంది. ఇది తల ఊపితే అది గూడ ఊపుతుంది. ఆ రంగు నాకు ఎరుకే. ఇంతకుముందే చెయ్యి కడుక్కున్నప్పుడు పంపు కింద పోయిన రంగే.

"బిడ్డా, కెమెరా అంటే... ఏడుంటది అది?"

"గా పైన నడుమ, చిన్న చుక్క. నువ్వు జరుగమ్మా, నాకు టెన్షన్ అయితుంది."

నేను జరిగిన. నా కాళ్ళల్ల సత్తువ గూడ జరిగింది.

అది లాప్‌టాప్ బంజేసి మళ్ళ చాలు చేసింది. సెట్టింగులన్నది, డ్రైవర్ అన్నది, అప్‌డేట్ అన్నది. అందరికి చెప్పే చిట్కాలన్ని తనే చేసుకుంటుంది. చెప్పెయ్యాలె, చెప్పెయ్యాలె అని నోరు తెరిచిన. గంతల అది కిటికీలకెళ్ళి కింద దుకాణం దిక్కు ఒర్రింది. "ఖలీల్ భాయ్! జల్ది రా!"

ఖలీల్ భాయ్ ది మా కిందనే ఫోన్లు రిపేర్ చేసే దుకాణం. మంచోడు. సంచి పట్టుకోని మెట్లెక్కొచ్చిండు. "టెన్షన్ నక్కో బేటా, మై హూఁ నా" అనుకుంట ఒక మెత్తటి బట్ట తీసి స్క్రీన్ మొత్తం తళతళ మెరిసేటట్టు తుడిచిండు. పైనున్న అంచును మాత్రం ముట్టలే! నా పానం ఆ బట్టతోటి పైకి పోతుంది, బట్టతోటి కిందికొస్తుంది.

"అరె, లోపల పానీ పోయినట్టుంది" అన్నడు. "భాభీ, చాయ్ గిట్ల పడ్డదా దీని మీద?"

ఇద్దరు నా దిక్కు చూసిండ్రు.

"చాయ్ పడలే" అన్న. అబద్ధం గాదు. చాయ్ అయితే నిజంగనే పడలే.

"అయితే స్క్రీన్ విప్పాలె" అని సన్న స్క్రూడ్రైవర్ తీసిండు.

"ఒకపారి... పైన గిట్ల... తుడిస్తె?" అన్న మెల్లగ, గోడతోటి చెప్పినట్టు.

"భాభీ, లాప్‌టాప్ హై. గ్యాస్ పొయ్యి నహీ" అని నవ్విండు.

"లోపల ఖరాబైనదానికి పైన తుడిస్తె ఏమైతదమ్మా!" అన్నది స్రవంతి, ఏడ్పు ఆపుకుంట.

ఇగ దాచుడు కాదు, చెప్పేద్దామని గట్టిగ ఊపిరి తీసుకున్న. అంతే, లాప్‌టాప్ మోగింది. ఇంటర్వ్యూ వాళ్ళే! ఖలీల్ భాయ్ స్క్రూడ్రైవర్ పట్టుకోని తలుపు ఎనక్కు పోయిండు. నేను వంటింటి గడప మీద నిలవడ్డ.

అవతల ఒక సారు, ఒక మేడం. కోస్తా దిక్కోళ్ళు ఉన్నట్టున్నరు.

"స్రవంతి గారూ, మీ మాట వినిపిస్తోంది గానీ మీరు కనిపించట్లేదండీ" అన్నడు సారు. "పొగమంచులో కూర్చున్నట్టున్నారు."

"కెమెరా ఇప్పుడే ఖరాబైంది సార్. మాటలతోటి చెప్తా సార్."

"ఫోను కనపడకుండా రివ్యూ ఎలాగమ్మా?" అన్నది మేడం. "కంగారేం లేదు, కెమెరా బాగు చేయించుకోండి. వచ్చే వారం పెట్టుకుందాం."

"వచ్చే వారమంటే మేడం..." అన్నది స్రవంతి.

వచ్చే వారం అది సేటు దుకాణంల ఉంటది. నాకు ఎరుక. అటెన్క నాకు ఏమైందో నాకే తెల్వది. కుట్టుబుట్టలకెళ్ళి లైనింగ్ ముక్క ఒకటి తీసుకోని, సార్లకు కనబడొద్దని వంగి, గోడ పట్టుకోని మిషన్ కాడికి పోయిన. స్రవంతి కండ్లతోటే "పో అమ్మా, పో" అంటుంది. నేను పోలే. కింద కూసోని చెయ్యి పైకి లేపి తుడిచిన. నూనె గదా, పోతలేదు. ఇంకింత పరుచుకుంటుంది. కుట్టేటప్పుడు పెట్టుకునే నా కండ్లద్దాలకు మరకైతే ఏం చేస్తనో అదే చేసిన. లేచి నిలవడి, ఆ చుక్కకు మొఖం ఆనించి "హా..." అని గట్టిగ ఊదిన. రుద్దిన. మళ్ళ "హా..." అన్న. మళ్ళ రుద్దిన.

స్క్రీన్ తేటగైంది. దాని నిండ ఒక ఆడామె, నోరు ఇంతగనం తెరిచి! ఎవరీమె అనుకున్న. నేనే.

"నమస్కారమండీ" అన్నడు సారు.

చెల్లెకు చెవ్వు చూపెట్టేదాన్ని, గీ సారుకు కొండనాలుక చూపెట్టిన.

పారిపోదామంటే కాళ్ళు రాలే. నోరు మాత్రం వచ్చింది. "బొట్టు పెట్టిన సారూ. శుక్రవారం గదా. నూనెతోటి పెడ్తె నిలుస్తదని పెట్టిన. అది కెమెరా అని నాకు తెల్వది. తప్పు నాది, పిల్లది కాదు. దానికి అన్ని ఎరుకే సారూ, గల్లి మొత్తం దాన్నడిగే ఫోన్లు కొంటరు. మళ్ళ వారం అనకుండ్రి..." ఒక్క ఊపిరిల అన్న. తలుపు ఎనకకెళ్ళి "యా అల్లా!" అని వినబడ్డది.

మేడం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. "సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టారమ్మా?"

"మరి బొట్టు నుదుట గాక యాడ పెడ్తరు మేడం?"

ఇగ వాళ్ళు ఆగలే. సారు అద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. నవ్వుడయినంక స్రవంతితోటి అన్నడు. "రివ్యూ తర్వాత చూద్దాం. ముందు ఇప్పుడు ఏం జరిగిందో మీ అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పండి చూద్దాం."

స్రవంతి నా దిక్కు తిరిగింది. తిడ్తదనుకున్న. తిట్టలే.

"అమ్మా, అది దాని నుదురు కాదే, కన్ను. మన కంట్ల నూనె పడితె ఎదురుంగున్నోళ్ళు కనబడ్తరా? కన్ను పోయినట్టే అనిపిస్తది గదా. కన్ను పోలే, మీద నూనె ఉంది, గంతే."

"గట్లనా!" అన్న. "అయితే దీనికి నుదురు లేదా బిడ్డా?"

"లేదమ్మా."

"పాపం" అన్న. నాకు నిజంగనే పాపమనిపించింది.

అటెన్క స్రవంతి ఫోన్ చూపించుకుంట ఏమేమో చెప్పింది. నేను వంటింట్ల కూసోని చెవుల పడ్డదల్లా విన్న.

మా ఇంటాయన వచ్చినంక జరిగింది మొత్తం విన్నడు. ముందుగాల నా వేలు దిక్కు చూసిండు. ఆదివారం పొద్దుమూకేదాక ఏ కబురు లేదు. ఆయన స్రవంతి కోసమని రెండో హెల్మెట్ దుమ్ము దులిపి తలుపు కాడ పెట్టిండు. నేను దాని దిక్కు చూడకుండ పూలు గుచ్చుకుంట కూసున్న. గప్పుడు దాని ఫోన్ టింగుమన్నది.

"అమ్మా, తీసుకున్నరు!"

అది నా మెడ పట్టుకోని ఊపుతుంటే పూలన్ని కింద పడ్డయి. ఆయన హెల్మెట్ తీసి మళ్ళ అటక మీద పెట్టిండు. జరసేపు అటు ఇటు తిరిగి, జేబులకెళ్ళి తన ఫోన్ తీసి స్రవంతి ముంగట పెట్టిండు. "దీని ఛార్జింగ్ జల్ది దిగిపోతుంది. ఏందో చూడు జర" అన్నడు. అది రెండేండ్ల సంది చూస్తా అంటే ఇయ్యని ఫోన్!

ఆఫీసోళ్ళు దానికి రాయమని ఇచ్చిన మొదటిది, లాప్‌టాప్ కెమెరా సరిగ్గ రాకపోతే ఏం చెయ్యాలె అని. "ముందు మెత్తటి బట్టతో కెమెరా తుడవండి. ఆ తర్వాత, ఇంట్లో శుక్రవారం పూజ ఎవరు చేస్తారో కనుక్కోండి" అని మొదలుపెట్టింది. ఖలీల్ భాయ్ దాన్ని దుకాణంల అందరికి సదివి వినిపిస్తుండట.

ఈ నడుమ ఆఫీసోళ్ళు వాడి చూసి రాయమని కొత్త ఫోన్ ఒకటి పంపిండ్రు. దాని ఎనక మూడు కండ్లున్నయి. నాకు బుద్ధొచ్చింది, ఫోన్ ను ముట్టలే. అది వచ్చిన డబ్బ ఉంది గదా, తెల్లటి డబ్బ, దానికి కండ్లు లేవు. దానికి పెట్టిన. తీరా చూస్తె, రాసుడు అయినంక ఫోన్ డబ్బతో సహా వాపస్ పంపాలెనట! "పెట్టె మీద నూనె మరక ఉంది, దారిలో ఏమన్నా పడిందా?" అని కంపెనీ వాళ్ళు అడిగిండ్రట. చాయ్ పడలే అని రాయమన్న.

నిన్న ఇంకో పార్సల్ వచ్చింది. నేను కుందిల వేలు ముంచి అటు దిక్కు ఒక్క అడుగేసిన్నో లేదో, స్రవంతి నడుమల అడ్డం నిలవడ్డది. కండ్లు మూసుకోని తన మొఖం ముందుకు పెట్టింది.

"నాకు పెట్టమ్మా. నా నుదుటి మీద కెమెరా లేదు."

పెట్టిన. మంచిగ గుండ్రంగనే పెట్టిన. నూనె జర ఎక్కువై కంట్లకు కారింది.