కొబ్బరికాయకు కళ్లగంతలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒక్కటే: నాకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి. ప్రొద్దుటూరు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే సారు "రుజువు లేకుండా దేన్నీ నమ్మొద్దు" అన్ననాటి నుంచి మా ఇంట్లో అందరికీ మనశ్శాంతి పోయింది. పులుసులో ఉప్పు సరిపోయిందని అమ్మ అన్నా, "ఎట్ల చెప్తాండావు?" అని నిలదీసేదాన్ని. (అమ్మ గరిటె చూపించేది. అదే రుజువు.)

ఆ వేసవిలో పులివెందుల దగ్గర మా చీనీ (బత్తాయి) తోటలో బోరు ఎండిపోయింది. ఇంకొక్క బోరు వేయించే స్తోమతే ఉంది నాన్నకు. అందులోనూ నీళ్లు పడకుంటే, బిడ్డల్లా సాకిన చెట్లు పొయ్యిలోకే. నీళ్లు చూసే ముసలాయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తోటంతా నడిచాడు. ఒకచోట కాయ నిటారుగా లేచింది. "ఈడుంది గంగమ్మ," అన్నాడు.

నేను ఊరుకుంటానా? "తాతా, కండ్లకు గుడ్డ గట్టుకోని మళ్లీ నడువు, సూద్దాం," అని నాన్న తువ్వాలతో నేనే గంతలు కట్టాను. ఈసారి కాయ ఇరవై అడుగుల అవతల లేచింది. "గంగమ్మ ఇంతలోకే ఆడికి నడిచిపాయనా తాతా?" అని నేను పగలబడి నవ్వుతుంటే నాన్న మాత్రం నవ్వలేదు. "అయితే యాడ ఏపిద్దాం మే?" అన్నాడు.

'నాకు తెలీదు నాన్నా' అని ఉంటే నేను నిజంగా చదువుకున్నదాన్ని అయ్యేదాన్ని. "ఆ గట్టు కాడ. పక్కతోట బోర్లో నీళ్లుంటే మనకు రావా?" అంటూ మడమతో గుంత చేసి మరీ చూపించాను. ఆ ధీమా చూసి నాన్న నమ్మేశాడు. మరునాడు బోరు లారీ సాయంత్రం దాకా తవ్వింది. తెల్లటి దుమ్ము తప్ప చెమ్మైనా రాలేదు.

చూడవచ్చిన ముసలాయన తన కాయ పగలగొట్టి, చిప్ప నా చేతిలో పెట్టాడు. "తాగు పాపా, ఈ నీళ్లు మాత్రం నిజం." నాన్న తలనిండా దుమ్ముతో పక్కన కూర్చున్నాడు. "అందర్నీ అడిగితివి గదమ్మే, ఎట్ల చెప్తాండావని. నిన్ను నువ్వు ఒక్కసారన్నా అడిగితివా?"

సగం చెట్లు పోయాయి. ఇప్పుడు నేనుండే జమ్మలమడుగు వీధిలో నాతో వాదనకు దిగేవాళ్లు తక్కువే. కొబ్బరికాయను ఈనాటికీ నమ్మను. కానీ "ఖచ్చితంగా" అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా మడమ కింద ఆ గుంత తగులుతుంది. తువ్వాల చేతబట్టుకుని నవ్వే ఆ పిల్ల కనిపిస్తుంది. గంతలు ఎవరి కళ్లకున్నాయో తెలియక, పాపం, ఎంత ధీమాగా నిలబడి ఉందో!