క్రిస్మస్ కేకులో కర్పూరం

నా పేరు చెప్పను. తప్పు మాత్రం చెబుతాను. పదిహేనేళ్ళ వయసులో కడుపులో దాచుకున్న మాటను ఎనభై దాటినా దించుకోలేకపోయాను. ఎంత బరువైనా మోయగా మోయగా అలవాటవుతుందంటారు. నాకు కాలేదు. ఏటా డిసెంబరులో పెదాలు పగలడం మొదలవగానే అది కొత్తగా మళ్ళీ నెత్తిన కూర్చుంటుంది. ఎక్కడన్నా కర్పూరం వాసన తగిలితే మాట మధ్యలో ఆగిపోతాను. ఇంట్లోవాళ్ళు జలుబు చేసిందనుకుంటారు.

ఇప్పుడు ఓవెన్‌లో కేకు ఉంది. అది అయ్యేలోపు ఇదంతా రాసెయ్యాలని కూర్చున్నాను. మాటిమాటికీ లేచి ఓవెన్‌లోకి తొంగిచూసి వస్తున్నాను. భయంతో కాదు. చిన్నప్పుడు పండగ ముందు పొయ్యి చుట్టూ తిరిగేదాన్నే, అలాగన్నమాట. తప్పు ఒప్పుకునే మనిషికి ఈ సంబరమేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఒకరికి చెప్పబోతున్నానన్న సంబరం కాబోలు. లేదా, ఆ ఏటి సంబరమే ఇంకా ఒంట్లో మిగిలి ఉందేమో. ఎందుకంటే ఆ పండగంత గొప్ప పండగ నా జన్మలో మళ్ళీ రాలేదు. దాన్ని పాడుచేసింది కూడా నేనే.

మాది మాచర్ల. నాన్న మిషన్ బడిలో మేస్టారు. అప్పట్లో సాగర్ డ్యాము పనులు జోరుగా సాగుతున్నాయి. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి మా ఊళ్ళో అద్దెకు దిగేవారు. అలా వచ్చిన ఒక ఇంజనీరుగారి భార్య మా చర్చికి వచ్చేది. ఆమె అమ్మకు కేకు చెయ్యడం నేర్పింది. నేర్పి, వెళ్ళిపోతూ ఒక గుండ్రటి రేకు పళ్ళెం కూడా ఇచ్చి వెళ్ళింది. అప్పటిదాకా క్రిస్మస్ అంటే మాకు అరిసెలు, గవ్వలు, అచ్చుతో నూనెలో వేసే గులాబి పువ్వులు. కేకు అనే మాట విన్నాం గానీ కంటితో చూసినవాళ్ళు వీధిలో నలుగురు లేరు. ఆ సంవత్సరం పండగ ఉదయం ఆరాధన అయ్యాక సంఘమంతటికీ మా అమ్మ కేకు పంచుతుందని పాస్టరుగారు ముందే ప్రకటించారు. ఇంకేముంది, అమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు. నావి అంతకన్నా నిలవలేదు. ఎందుకంటే ముందురోజు సాయంత్రం ఆడే నాటకంలో దేవదూత వేషం నాకిచ్చారు.

దేవదూత. తెల్లచీర, జరీకాగితం అతికించిన రెక్కలు. అన్నీ కుదిరాయి. ముఖమే కుదరలేదు.

పల్నాడు చలి ఎముకలు కొరికే చలి కాదు, చర్మాన్ని కొరికే చలి. పొడిగాలి. బుగ్గలు బూడిద రాసినట్టు తెల్లగా పాలిపోయేవి. గోటితో గీస్తే గీత పడేది. దానికి మందు మా ఇంట్లోనే తయారయ్యేది. ఏటా చలి మొదలవగానే అమ్మ కొబ్బరినూనెలో తేనెమైనం వేసి కరిగించి, పొయ్యి మీంచి దించి, గోరువెచ్చగా ఉండగానే బోలెడంత కర్పూరం నలిపి కలిపి, చల్లారేదాకా పుల్లతో తిప్పేది. అది పేరుకుని తెల్లటి ముద్దయ్యేది. దాన్ని మేం పూత అనేవాళ్ళం. పెదాలకు అదే, మడమలకు అదే, నాన్న మోకాళ్ళకూ అదే. డిసెంబరంతా మా ఇల్లూ మా బట్టలూ మేమూ కర్పూరం వాసన కొట్టేవాళ్ళం. ఆ వాసన మా ముక్కులకు తెలియడం ఏనాడో మానేసింది.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇంటి వెనక సందులో మస్తాన్‌బీ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండు గేదెలు, వాటి వెన్నా, అదే ఆమె బతుకు. మా వీధి మొత్తానికి వెన్న ఆమె దగ్గరే. నేను అత్తా అని పిలిచేదాన్ని. అమ్మ చేసిన పూతలో ఒక డబ్బా ఏటా ఆమెకూ వెళ్ళేది, ఆమెకు కాదు, గేదెలకు. చలికి వాటి పొదుగులు పగిలేవి. "మనుషులకైతే ఏంది, గొడ్లకైతే ఏంది, పగులు పగులే గదమ్మా" అని నవ్వేది. పాలు పితికాక రాసి, మళ్ళీ పితికేముందు వేణ్ణీళ్ళతో శుభ్రంగా కడిగేది. కడగడం నా కళ్ళతో చూశాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు.

కేకు కోసం మస్తాన్‌బీ వారం రోజుల ముందునుంచీ రోజూ ఇంత వెన్న చొప్పున ఇచ్చింది. జాడీ పట్టుకెళ్ళి తెచ్చే పని నాది. అమ్మ దాన్ని చన్నీళ్ళలో ఉంచి రోజూ నీళ్ళు మార్చమంది. ఆ పనీ నాదే. దొంగ చేతికి తాళాలన్నమాట.

ఇంజనీరుగారి భార్య ముఖం అద్దంలా ఉండేది. ఏం రాస్తారండీ అని ఒకసారి సిగ్గు విడిచి అడిగాను. పాలమీగడ అంది. మా ఇంట్లో పాలే అంతంతమాత్రం, మీగడ ఎక్కడిది? వెన్న ఉందిగా అనుకున్నాను. మొదటిరోజు గోరంత తీశాను. అబ్బ, ఆ హాయి నేనెలా చెప్పను. పూతలా జిడ్డుగా అంటుకుని ఉండిపోలేదు, ఒంట్లోకి ఇంకిపోయింది. పొద్దున లేచి తడుముకుంటే అది నా బుగ్గేనా అనిపించింది. రెండోరోజు ఉసిరికాయంత. తర్వాత నిమ్మకాయంత. ముఖానికి, మెడకు, మోచేతులకు, చివరికి అరికాళ్ళకు కూడా. దేవదూతకు అరికాళ్ళెందుకని మీరు నవ్వుతున్నారా? చెప్పుల్లేకుండా నిలబడాలి కదా మరి.

నాటకం రోజు పొద్దున అమ్మ జాడీ తెమ్మంది. చూస్తే మూడోవంతు లేదు.

ఆ క్షణంలో చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు తగిలేవి. కేకు కాస్త చిన్నదయ్యేది. అంతే. ఈ లెక్క నేను జీవితమంతా వేసుకుంటూనే ఉన్నాను. కానీ ఆ పూట నాకు కనిపించింది ఒక్కటే. తెలిస్తే అమ్మ నా రెక్కలు ఊడబీకుతుంది, వేషం ఇంకొకరికి పోతుంది. అమ్మ అవతల ముంగిట్లో నాన్నచేత గుడ్లు గిలక్కొట్టిస్తోంది. నన్ను వెన్న, చక్కెర కలిపి చేత్తో ఒకేవైపు తిప్పుతూ రుద్దమంది. వంటింట్లో నేనొక్కదాన్నే. ఎదురుగా గూట్లో పూత డబ్బా. వెన్నలాగే తెల్లగా.

రెండు గుప్పిళ్ళు తీసి కలిపేశాను.

నేను మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు, ఆలోచించే కలిపాను. అదే నా ఖర్మ. మా పక్కింటివాళ్ళు రోజూ పెరట్లో తులసికోట దగ్గర హారతి ఇస్తుంటే పిట్టగోడ మీంచి చూసేదాన్ని. వెలిగించిన కర్పూరం చివరికి పళ్ళెంలో ఏమీ మిగలదు. పొయ్యి వేడి తగిలితే కేకులోదీ అలాగే ఎగిరిపోతుంది, మైనం అంటారా, వెన్న కరిగినట్టే అదీ కరుగుతుంది అనుకున్నాను. హారతి ఇచ్చే ఇంటి పిల్ల కర్పూరం జోలికి పోయేది కాదేమో. కేకు ఎరిగిన ఇంటి పిల్ల మైనం జోలికి పోయేది కాదేమో. రెండూ గోడ అవతలినుంచే చూసిన పిల్లను నేను.

హారతి ఆరుబయట గాలిలో వెలుగుతుంది. మా కేకేమో పెద్ద డేగిసాలో ఇసక పరిచి, దానిమీద పళ్ళెం పెట్టి, గాలి పోకుండా మూతేసి, మూతమీద నిప్పులు పోసి ఉడికించింది. కర్పూరం పోదామన్నా దారేది? ఇల్లంతా గుప్పుమనే ఉంటుంది. కానీ ముందే చెప్పాను కదా, మా ముక్కులకు ఆ వాసన లేదు. అమ్మ మూత తీసి, ఎర్రగా పొంగిన కేకును చూసి కళ్ళు తుడుచుకుంది. నాన్న దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

ఆ సాయంత్రం నాటకంలో గ్యాసులైటు వెలుగు నా ముఖం మీద పడగానే ముందు వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. పిల్ల వెలిగిపోతోందే అన్న మాట నా చెవిన పడింది. ఆ మాట ఇప్పటికీ నాకు ఇష్టమే. ఇంత చెప్పుకుంటూ అది దాచడం దేనికి?

తెల్లవారింది. ఆరాధన అయింది. అమ్మ కొత్తచీర కొంగు నడుముకు దోపి కేకు కోసింది. కర్పూరం వాసన తగిలినవాళ్ళు అది మా ఒంటిదే అనుకుని ఉంటారు. పాస్టరుగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమిలారు. ఇంకా నమిలారు. మింగలేదు. చుట్టూ ఒక్కొక్కరి దవడలూ ఆగిపోయాయి. మైనం పళ్ళకు అంటుకుపోతోంది, నోరంతా చల్లబడి చేదెక్కుతోంది. ఒక పసిపిల్ల కక్కేసింది. అమ్మ తనూ ఒక తుంపు నోట్లో వేసుకుని, అలాగే నిలబడిపోయింది. అమ్మ ముఖం అలా వాడిపోవడం అంతకుముందు నేను చూడలేదు.

అప్పుడు మరియమ్మ పెద్దమ్మ అంది. ఆవిడ సంఘంలో పెద్ద, ఆవిడ మాటకు తిరుగు లేదు. "నీ చేతిలో ఏం తప్పు లేదులేమ్మా. ఆ మస్తాన్‌బీ గేదెల పొదుగులకు కర్పూరం పూత రాసిద్ది. కడక్కుండా పితికి, ఆ పాలే చిలికింది. ఆ వెన్నే మనకంటగట్టింది."

ఎంత చక్కగా అతికిందో చూడండి. అందరూ అవునవునన్నారు. అమ్మ నమ్మింది. నమ్మడం కాదు, పట్టుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు. నాన్న ఒక్కడే, "కనుక్కోకుండా అనకూడదు" అన్నాడు. ఎవరూ వినలేదు. నేను విన్నాను. పది ఆజ్ఞలు గడగడా ఒప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న పిల్లను. పొరుగువాళ్ళ మీద అబద్ధం చెప్పకూడదన్నది కూడా అందులో ఉంది.

సాయంత్రం అమ్మ నన్నే పంపింది. రేపటినుంచి వెన్న వద్దని చెప్పి రమ్మంది. మస్తాన్‌బీ గేదెలకు కుడితి పెడుతోంది. వార్త అప్పటికే చేరినట్టుంది. నేను చెప్పింది విని, చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మీ అమ్మ నమ్మిందా?"

నేను తలొంచుకున్నాను.

"రోజూ జాడీ పట్టుకపోయింది నువ్వేగా పాపా. నువ్ చెప్పు. నా వెన్నలో ఎప్పుడన్నా కర్పూరం వాసనొచ్చిందా?"

లేదత్తా. ఈ రెండు మాటలు చాలు. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ లేదంటే, మరి ఎలా వచ్చిందన్న ప్రశ్న నా దగ్గరికే వస్తుంది.

"వచ్చినట్టే ఉందత్తా" అన్నాను.

ఇదీ నా తప్పు. వెన్న దొంగిలించడం పిల్లచేష్ట. పూత కలపడం తెలివితక్కువ. మాట్లాడకుండా ఊరుకోవడం పిరికితనం. వీటన్నిటికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది, వెతికాను, దొరికింది. ఈ ఒక్క మాటకు దొరకలేదు. ఆమె అడిగింది నన్ను. నన్ను నమ్మే అడిగింది.

మస్తాన్‌బీ నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. బొటనవేలితో నా బుగ్గ మీద ఒకసారి రాసింది. ఆ వేలిని చూపుడువేలితో నలుపుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. జీవితమంతా వెన్న తీసిన మనిషి. ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"మంచి వెన్నే" అంది.

అంతే. తిట్టలేదు. మా ఇంటికి వచ్చి అమ్మతో చెప్పలేదు. నా గడ్డం వదిలేసి కుడితి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకు చెప్పలేదు? చెప్పినా మేస్టారి కూతురి మాటే చెల్లుతుందనుకుందా? పిల్లదాన్ని బజారుకీడ్వడమెందుకు అనుకుందా? నా అంతట నేనే చెబుతానని నాలుగు రోజులు ఎదురుచూసిందా? ఈ మూడో ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

వీధిలో ఒక్క ఇల్లూ ఆమె దగ్గర వెన్న కొనలేదు. ఎండలు ముదరకముందే గేదెల్ని అమ్మేసి, నకరికల్లులో తమ్ముడి పంచన చేరింది. అమ్మ మళ్ళీ కేకు చెయ్యలేదు, పూతా చెయ్యలేదు. తాను ఇచ్చిన పూతవల్లే ఇంత జరిగిందని చివరిదాకా కుమిలింది. అమ్మకు కూడా నేను చెప్పలేదు. పెద్దయ్యాక నాకు నరసరావుపేటలో ఉద్యోగం వచ్చింది. నకరికల్లు మీదుగా వెళ్ళే బస్సు ఎన్నిసార్లు ఎక్కానో. ఈసారి దిగాలి అనుకునేదాన్ని. బస్సు ఆగేది. ఎవరెవరో దిగేవారు. బస్సు కదిలేది. మస్తాన్‌బీ ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

కేకు అయినట్టుంది. ఇల్లంతా వెన్న వాసన. వంటింట్లో మనవరాళ్ళు కోద్దామా కోద్దామా అని గంతులేస్తున్నారు. ఉండండర్రా, ముందు ఈ కాగితాలు చదివి వినిపిస్తాను, తర్వాతే కోత అన్నాను. కథా అని అడిగారు. కాదన్నాను. మీకు చెప్పాను, వాళ్ళకూ చెబుతాను. విని వాళ్ళేమంటారో, మీరేమనుకుంటారో తెలియదు. క్షమించాల్సిన మనిషి లేదు, ఆ మాట ఇంకెవరు అన్నా నాకు చెల్లదు. అయినా గుండె దడదడలాడుతోంది, రెక్కలు కట్టుకుని తెర వెనక నిలబడిన నాటిలాగే.

నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. లేదత్తా, ఏ వాసనా రాలేదు. మంచి వెన్నే.