ఆరణాల చేప

1961 వానాకాలంలో నన్ను నల్లగొండ జిల్లాకు ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. నేను చదివింది సముద్రపు చేపల మీద. జిల్లాలో సముద్రం మాట దేవుడెరుగు, ఎండాకాలం వస్తే చాలా ఊళ్లలో తాగునీళ్లకే కటకట. ఆర్డరు చూసి మా బాపు, "సముద్రం సదివి కుంటల పడ్డవ్ బిడ్డా" అని నవ్వాడు. నాకు మాత్రం హుషారుగానే ఉంది. ఎక్కడున్నా చేప చేపే కదా.

నా పని చెరువుల్లో చేపపిల్లలు వదలడం. నది వరదలో పట్టిన బొచ్చె పిల్లలను నీళ్ల డబ్బాల్లో పోసి, గాలి అందేలా దారిపొడవునా నీళ్లు చేత్తో చిలుకుతూ, లారీలో తెచ్చి మోత్కూర్ దగ్గరి పెద్ద చెరువులో వదిలాం. ఆ ఏడు పిల్లలు దొరకడమే ఆలస్యమైంది. చేపలు పట్టే కుటుంబాలు కలిసి పెట్టుకున్న సహకార సంఘం ఒకటి అక్కడుండేది. నీటికాకులు ఎత్తుకుపోకుండా వాళ్లు వంతులేసుకుని కాపలా కాశారు.

చిక్కల్లా హర్రాజుతో వచ్చింది. చెరువులో చేపల గుత్తను రెవెన్యూ వాళ్లు ఏటా జూన్ చివర వేలం వేసేవారు. ఆ ఏటి గుత్త సంఘానిదే. గుత్త మారేలోగా పాతవాళ్లు చెరువు ఊడ్చుకోవాలి, మిగిలినవి కొత్త గుత్తేదారువి. ఇప్పుడు పడితే జానెడు చేపలు, పట్టకపోతే ఏడాది కష్టం ఎవరో షావుకారు పాలు. సంఘం పెద్ద మల్లయ్య నా ఆఫీసు గడప అరగదీశాడు. "సార్, పిల్లల్ని ఇడిచింది మీరే. గిప్పుడు పట్టాల్నా, ఇడువాల్నా? జర చెప్పుండ్రి" అనేవాడు.

హర్రాజు ఆపగలిగింది కలెక్టరు ఒక్కరే. ఆయనకు రెండుసార్లు రిపోర్టు పంపాను. పెరుగుదల రేటు, పక్వదశ, పొడవు బరువుల గ్రాఫులు, ఏదీ వదల్లేదు. జవాబు రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో జమాబందీ వచ్చింది. ఏడాది రెవెన్యూ లెక్కలను కలెక్టరు స్వయంగా తనిఖీ చేసే క్యాంపు అది. మోత్కూర్ క్యాంపులో నాకూ కాస్త సమయం దొరికింది. నేను మిల్లీమీటర్లతో మొదలుపెట్టగానే ఆయన చూపు గడియారం మీదికి పోయింది. పక్కనున్న తహసీల్దారు నిజాం కాలంలో పని నేర్చిన పెద్దమనిషి. నన్ను ఆపి, "అరె ఇన్‌స్పెక్టర్ సాబ్, గివన్నీ పక్కకు పెట్టు. పంట ఎన్ని అణాలున్నదో చెప్పు" అన్నాడు.

రెవెన్యూలో పైరును అణాల్లో అంచనా కడతారు. పదహారణాలంటే నిండు పంట. బజారులో నయా పైసలు వచ్చినా వాళ్ల పొలాల్లోంచి అణాలు పోలేదు. నాకు ఒక్కసారిగా దారి కనపడింది.

"ఆరణాలు సార్. శివరాత్రి దాకా ఆగితే పదహారు. ఇప్పుడు హర్రాజు పెడితే పాలకంకి మీద కొడవలి వేసినట్టే" అన్నాను.

కలెక్టరు కుర్చీలో ముందుకు వంగారు. అయితే అణాల అంచనా నోటిమాట మీద సాగదు, ఊరి పెద్దల ఎదుట పైరును కళ్లతో చూడాలి. "పదండి, చూద్దాం" అని ఆయన లేచారు. ఎండలకు నీళ్లు తగ్గిన ఆ చెరువులో ఎన్ని బతికి ఉన్నాయో నాకే తెలియదు. వల ఖాళీగా వస్తే సంఘానికి చేపలూ పోతాయి, నా మాటా పోతుంది.

మల్లయ్య మనుషులు లాగుడు వల దించారు. కట్ట మీద ఊరంతా నిలబడింది. వల సగం దగ్గరికి వచ్చేదాకా నీళ్లలో ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు ఒక బొచ్చె ఎగిరింది. దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత లెక్కే లేదు. తళతళా మెరుస్తూ వల మీదుగా దూకుతుంటే నేను బూట్లతోనే నీళ్లలోకి దిగిపోయాను. నా సర్వీసు మొత్తంలో అంత సంబరం మళ్లీ ఎరగను.

శిస్తు వసూలు చేసే మాలీ పటేలు ఒక చేపను ఎత్తి చూసి, "ఆరణాలే సార్" అన్నాడు. "యాడి ఆరు? అయిదే సార్" అన్నాడు మల్లయ్య. పంట తక్కువ చెప్పి శిస్తు మాఫీ అడగడం రైతులకు మామూలే. చేపకూ అదే బేరం మొదలయ్యేసరికి కలెక్టరు పడీపడీ నవ్వారు. పట్టినవాటిని తిరిగి నీళ్లలో వదిలించి, హర్రాజు ఆపి, సంఘం గుత్తను శివరాత్రి దాకా పొడిగిస్తున్నట్టు కట్ట మీదే చెప్పేశారు.

జీపు ఎక్కబోతూ నన్ను దగ్గరికి పిలిచారు. "మీ రిపోర్టులు రెండూ చదివానయ్యా. చేప ఎలా పెరుగుతుందో అంతా ఉంది. నేనేం చేయాలో, ఏ తేదీలోగా చేయాలో ఎక్కడా లేదు" అన్నారు.

పై అధికారులకు శాస్త్రం ఎక్కదని మా శాఖలో చాలామంది అనేవారు. నేను అనడం మానేశాను. వాళ్లు వాడే కొలతలో చెబితే ఎక్కుతుంది, అయితే అడగవలసింది అడగాలి కూడా. రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి రిపోర్టులో మొదటి వాక్యం ఎవరు, ఏం, ఏ రోజులోగా చేయాలన్నదే. చేపల సంగతి రెండో వాక్యంలో మొదలయ్యేది.