ఆరో నంబరు గదిలో దిగిన మనిషి

తాళాలమ్మ మొగుడు బతికే ఉన్నాడట. ఆవిడ లాడ్జిలోనే ఆరో నంబరు గదిలో దిగాడట. పక్కన ఎవరో ఆడమనిషి కూడా ఉందట. ఈ మూడు ముక్కలూ వారం రోజులుగా మా వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాయి. నా చెవిన వేసింది ఇస్త్రీ అతను. వినగానే నా చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఏడేళ్ళ కిందట ఆ మనిషి పోయిన పూట డాక్టరు కంటే ముందు ఆ ఇంట్లో అడుగుపెట్టింది నేను. ఆయన కళ్ళు మూసింది ఈ చేత్తోనే. అలాంటివాడు లేచి వచ్చి, సొంత పెళ్ళాం లాడ్జిలో గది తీసుకుని, అదీ ఇంకొకావిడతో... ఛీ, రాయడానికే చెయ్యి రావడం లేదు. అందుకే నేనే వెళ్ళి అసలు సంగతి తెలుసుకున్నాను. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. ఇకమీదట ఎవరైనా ఆ మాట ఎత్తితే ఈ కాగితం చేతిలో పెట్టండి.

"నువ్వు కళ్ళారా చూశావా?" అని ముందు ఇస్త్రీ అతన్నే నిలదీశాను.

"నేను చూళ్ళేదు పెద్దమ్మగారూ. ఫోనులో ఉంది."

"పోయినవాడు ఫోనులో ఉండటమేమిట్రా?"

"పేరుతో సహా ఉందండీ. గది బాగుందని కూడా రాశాడు. కొళాయి మాత్రం కారుతోందట."

బతికున్నన్నాళ్ళూ ఆ మనిషికి కొళాయిల పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా కారే కొళాయి కంటపడితే దాన్ని బిగించిగానీ కుర్చీలో కూర్చునేవాడు కాదు.

తాళాలమ్మ అంటే తెలియనివాళ్ళు మా వీధిలో లేరుగానీ, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. మా ఇంటికి ఎదురుగా, బస్టాండుకూ పెద్దాసుపత్రికీ నడుమ ఉన్న తొమ్మిది గదుల లాడ్జి ఆవిడది. ఎనిమిది గదులు పైన, ఒక్కటే కింద. కింద ఉన్నదానికి ఆరో నంబరు ఎందుకంటే, కొన్న తాళం మీద ఆ నంబరు ఉంది కాబట్టి. మొగుడు ఉన్నప్పుడు ఆయన కౌంటరు చూసేవాడు, ఈవిడ గదులు చూసేది. ఆయన పోయాక రెండూ ఈవిడే. ఒక్కో తాళంచెవికి అరచేయంత చెక్కముక్క కట్టి ఉంటుంది, దిగినవాళ్ళు మరిచిపోయి జేబులో వేసుకుపోకుండా. ఆ గుత్తి నడుముకు దోపుకుని నడిస్తే ఎడ్లబండి వస్తున్నట్టు టకటకమంటుంది. గది ఖాళీ అవగానే మొదట తలగడ వాసన చూస్తుంది. దాన్నిబట్టి ఆ మనిషి ఎలాంటివాడో చెప్పేస్తుంది. తప్పు చెప్పగా నేను వినలేదు.

ఫోనులో గది అడిగినవాళ్ళకి ఆవిడవి మూడే ప్రశ్నలు. ఎందరొస్తారు? ఏవేళకొస్తారు? మెట్లు ఎక్కగలరా? జవాబులు ఒక చీటీ మీద రాసి, కౌంటరు వెనక చెక్కపలకకున్న తొమ్మిది మేకుల్లో ఆ గది మేకుకు గుచ్చుతుంది. చీటీ పడిందంటే మంత్రి వచ్చి నిలబడ్డా ఆ గది కదలదు. ముప్ఫై ఏళ్ళు అలాగే నడిచింది.

రెండేళ్ళ కిందట అల్లుడు లాడ్జిని ఆ గదుల యాప్‌లో పెట్టాడు. అతను చెడ్డవాడేం కాదు, కష్టపడే పిల్లాడే. దేశంలో ఏ మూలనున్నవాళ్ళయినా ఫోనులో బొమ్మ చూసి, అక్కడే డబ్బు కట్టేసి, నేరుగా వచ్చి దిగిపోవచ్చట. ఆ బొమ్మలు నా మనవరాలు చూపిస్తే నాకు నవ్వాగలేదు. గది ఎంత పెద్దగా ఉందంటే మంచం ఎక్కడుందో వెతుక్కోవాలి. "ఇంత గది మీ లాడ్జిలో ఎక్కడ దాచావు బాబూ?" అని అడిగితే, "కెమెరా అలా తీస్తుంది పెద్దమ్మా" అన్నాడు. ఏమైతేనేం, గదులు నిండేవి.

ఇస్త్రీ అతని మాట విన్న సాయంత్రమే మనవరాలిని కూర్చోబెట్టి ఆ యాప్ తెరిపించాను. ఉంది. నేను కళ్ళు మూసినాయన పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఒకటి కాదు, రెండు కాదు, ఈ తొమ్మిది నెలల్లో పదకొండుసార్లు రాశాడు. బతికుండగా పెళ్ళానికి ఉత్తరం ముక్క రాయని మనిషి!

మనవరాలు చదువుతుంటే నేను వింటున్నాను.

"మెట్లు లేవు. అది మంచిదే. కొళాయి కారుతోంది."

"మంచం గోడకు జరిపారు. ఆమె గోడ పట్టుకుని లేవడానికి వీలుగా ఉంది."

"ఆమెకు ఇంకో తలగడ ఉంటే మేలు. కొళాయి ఇంకా కారుతోంది."

ఆమె! పైగా ఆ నెలంతా ఏ తారీఖు నొక్కినా ఆరో గది ఖాళీ లేదనే వస్తోంది. ఆ గది కిటికీ మా వరండాకు సూటిగా ఉంటుంది. వీధిలో పిల్లి అడ్డంగా నడిచినా నా కంట పడకుండా పోదే, అలాంటిది తొమ్మిది నెలలుగా ఆ కిటికీ పరదా కదలగా నేను చూడలేదు. మరి ఆ ఇద్దరూ గాలి పీల్చకుండా ఉన్నారా?

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ అతను ఇంకో ముక్క మోసుకొచ్చాడు. "అల్లుడుగారు ఇవాళ తాళాలు తీసేసుకుంటున్నారండీ. అత్తగారికి మతి తప్పిందట. ఇక కౌంటరులో కూర్చోనివ్వరట."

ఆ గుత్తి లేని తాళాలమ్మని నేను ఊహించలేకపోయాను. వాళ్ళింటి గిన్నె ఒకటి నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇలాంటి అవసరానికే ఉంచుకున్నాను. అది పట్టుకుని వీధి దాటాను.

వెళ్ళేసరికి అల్లుడు కౌంటరుకు ఇవతల చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ఆవిడ అవతల, నడుము దగ్గర గుత్తిని అరచేత్తో అదిమిపెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, సమయానికొచ్చారు. మీరైనా అడగండి," అన్నాడు. "మావయ్య పేరుతో ఎవరో ఆరో గది తీసుకుంటున్నారు. డబ్బు వస్తోంది, మనిషి రావడం లేదు. రిజిస్టరులో సంతకం లేదు. అడిగితే అత్తయ్య నోరు విప్పదు. రేపు ఎవరైనా వచ్చి తనిఖీ చేస్తే ఏం చెప్పాలి? చనిపోయినాయన దిగాడని చెప్పనా?"

"ఏమే, నాక్కూడా చెప్పకూడని మనుషులా ఆ గదిలో ఉన్నది?" అన్నాను.

ఆవిడ లేచి, టకటకమంటూ వెళ్ళి ఆరో గది తాళం తీసింది. మేమిద్దరం వెనకే దూరాం. మంచం గోడకు జరిపి ఉంది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. తలగడలు మూడు. స్నానాలగది గుమ్మం పక్కన ఎత్తు తక్కువ కుర్చీ ఒకటి. లోపల కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. మనుషుల్లేరు. దాచడమెందుకు, నేను మంచం కింద కూడా వంగి చూశాను.

"అక్కడేం లేదక్కా, లే. నడుము పట్టేస్తుంది," అంది. "గది తీసుకుంటున్నది నేనే."

నాకంటే ముందు అల్లుడే అందుకున్నాడు. "మీరా? మన గదిని మనమే కొనుక్కోవడమేమిటి అత్తయ్యా? మధ్యలో ఆ యాప్ వాళ్ళకి కమీషను కట్టి మరీ!"

"నీ యాప్‌లో గది మూసెయ్యమని అడిగితే నువ్వు మూస్తావా? ఎవరికోసమని అడుగుతావు. కొనడం ఎలాగో మాత్రం దిగడానికొచ్చిన ఒక అమ్మాయి ఈ కౌంటరు దగ్గర నిలబడి నేర్పింది. ఆ ఫోను మీ మావయ్యది. అది నన్ను పేరు అడగలేదు బాబూ, దానంతట అదే ఆయన పేరు రాసేసుకుంది."

"మరి ఆ రాతలు?" అన్నాను నేను.

"ఊరుకోదక్కా అది. ఎలా ఉంది, ఎలా ఉంది అని ఒకటే అడుగుడు. అంతలా అడుగుతుంటే చెప్పకుండా ఎలా ఉంటాం? ఉన్నది ఉన్నట్టు రాశా."

"మన లాడ్జికి మూడు నక్షత్రాలే ఇచ్చింది మీరా!" అల్లుడు తలపట్టుకున్నాడు.

"కారుతోందిగా మరి. బాగు చేయించమని నీకు నాలుగుసార్లు చెప్పా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను.

"ఆ మంగళవారం గుర్తుందా నీకు?" అంది అతనితో, మెల్లగా. తల మీది అతని చేతులు కిందకి దిగాయి. అతనికి గుర్తుంది. నాకే తెలియదు. ఎదురింట్లో ఉండి నాకు తెలియకుండా పోయిన సంగతి అదొక్కటే అనుకుంటాను.

ఆరో గదికి ఎప్పుడూ వచ్చే జంట ఒకటి ఉండేదట: బడిలో గంట కొట్టే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన, ఆయన భార్య. ఆమెకు నడుము కింద పట్టు లేదు. మూడు వారాలకోసారి ఆసుపత్రికి తీసుకొచ్చేవాడు. రావడానికి ముందు ఆదివారం సరిగ్గా పదింటికి ఫోను చేసేవాడు. "అదే గదమ్మా," అని ఆయన. "అదే గదండీ," అని ఈవిడ. మాట అంతే. చీటీ ఆరో మేకుకు పడేది.

తొమ్మిది నెలల కిందట ఒక మంగళవారం, ఆ చీటీ మేకుకు ఉండగానే, ముగ్గురు కుర్రాళ్ళు సంచులు తగిలించుకుని వచ్చి ఫోను చూపించారు. ఆరో నంబరు, డబ్బు కట్టేశారు. మేకుకున్న చీటీ యాప్‌కు ఎలా కనపడుతుంది? దాని లెక్కలో ఆ గది ఖాళీ, అమ్మేసింది. అప్పుడు అల్లుడు కౌంటరులోనే ఉన్నాడు. "వీళ్ళని కాదంటే యాప్ మనల్ని అడుక్కి తోసేస్తుంది అత్తయ్యా, ఇక మన లాడ్జి ఉన్నట్టే ఎవరికీ తెలీదు. పెద్దవాళ్ళకి పైన ఇద్దాం," అన్నాడు. ఈవిడ చీటీని మేకు నుంచి తీసి గుప్పిట్లో నలిపింది. ముప్ఫై ఏళ్ళలో పడిన చీటీ తీయడం అదే మొదలు.

ఆటో దిగి లోపలికొచ్చిన ఆ ఇద్దరికీ పైగది తాళం ఇచ్చింది. పదిహేడు మెట్లు. ఆయన ఆమె చంకల కింద చేతులేసి ఒక్కొక్క మెట్టూ ఎక్కించాడు. తొమ్మిదో మెట్టు మీద ఆమె కూర్చుండిపోయింది. ఈవిడ పరుగున వెళితే ఆయన తుండుతో భార్య మెడ తుడుస్తూ ఒకే మాట అన్నాడు. "నేను ఆదివారమే ఫోన్ చేశాను కదమ్మా." కోపంగా కూడా అనలేదట. ఏదో తనే పొరపాటు పడ్డానేమో అన్నట్టు అన్నాడట. తర్వాత ఆమెను మళ్ళీ ఒక్కో మెట్టే దింపుకుని, ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఇంతవరకే అయితే ఒకలా ఉండేది. సాయంత్రం ఆ కుర్రాళ్ళు తిరిగొచ్చి, సంగతి విని, "అయ్యో ఆంటీ, మమ్మల్ని అడిగుంటే మేమే పైకి పోయేవాళ్ళం కదా! మాకు ఏ గదైతేనేం?" అన్నారట.

"అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదక్కా," అంది తాళాలమ్మ. "డబ్బు కట్టి వచ్చినవాళ్ళని అడక్కూడదనుకున్నాం."

నేను మంచం అంచున కూర్చున్నాను. దుప్పటికి ముడత పడినా ఆవిడ వెంటనే సర్దలేదు. అది చూసి ఇంకా భయమేసింది నాకు.

"పైకి పంపమన్నది నేను," అన్నాడు అల్లుడు, కొళాయి వైపు చూస్తూ. జేబులోంచి ఫోను తీసి ఏవేవో నొక్కాడు. "ఆరో గది తీసేశానత్తయ్యా. ఇక యాప్‌లో కనపడదు, ఎవరూ కొనలేరు. మీరూ కొనక్కర్లేదు. ఆయన ఫోన్ చేస్తే మీరే చీటీ పెట్టుకోండి." తాళాల మాట మళ్ళీ ఎత్తలేదు. ప్లంబరును పిలుచుకొస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

మేమిద్దరమే మిగిలాం. నా ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ నా సంగతి తెలుసుగా, ఒక్క ప్రశ్న మిగిలినా నాకు ముద్ద దిగదు.

"అది సరేగానీ, ఆయన ఫోన్ చెయ్యాలని ఇన్నాళ్ళు కూర్చోవడమెందుకే? నంబరు నీ దగ్గరే ఉందిగా. గది ఉంది రండి అని నువ్వే ఒకసారి చెయ్యకపోయావా?"

తాళాలమ్మ మూడో తలగడ ఒళ్ళో పెట్టుకుని దాని మూలలు సర్దింది.

"చేశానక్కా, ఆ తర్వాతి నెలలోనే. కింది గది ఎప్పుడూ మీకే ఉంచుతాను, రండి అన్నా. 'ఇప్పుడు నేనొక్కణ్ణే కదమ్మా, మెట్లు ఎక్కగలను' అన్నాడు."